ఎర్రగా ఉందన్న మాట

నేను వెళ్ళేసరికి పాప కనిపించకుండా పోయి ఒక రాత్రి గడిచిపోయింది. రెండేళ్ళు నిండని పిల్ల. నల్లపాడు అవతల మిరపకాయలు ఆరబోసే కల్లంలో, రేకుల షెడ్డు కింద చీర ఉయ్యాలలో నిద్రపోతుంటే ఎవరో ఆడమనిషి ఎత్తుకుపోయింది. ఆమెను చూసింది పాప నాయనమ్మ ఒక్కతే. ఆవిడ చూసిన మొహాన్ని కాగితం మీదికి తేవాలి. అందుకని తాడేపల్లిలో మా ఇంటికి జీపు పంపారు.

సాక్షి చెబుతుంటే విని మనిషి బొమ్మ గీయడం నా పని. జీతం మీద చేసే ఉద్యోగం కాదు, పోలీసులు పిలిచినప్పుడు వెళ్తాను. నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండటంతో మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఆయన గుళ్ళలో వాహనాలకు రంగులు వేసేవారు, దేవుడి పటాలు గీసేవారు. ఎక్కాలు రాయించిన పలక మీదే ముక్కూ చెవీ దిద్దించారు. పటంలో కళ్ళు మాత్రం అన్నీ అయ్యాక, స్నానం చేసి వచ్చి గీసేవారు. ముందే కళ్ళు తెరిపిస్తే స్వామి మన తప్పులన్నీ చూస్తూ కూర్చుంటాడని నవ్వేవారు. మనుషుల బొమ్మలకు వచ్చాక కూడా నేను కళ్ళు ఆఖరునే గీస్తాను. అది ఆయన పెట్టిన భిక్ష. పెన్సిల్ పట్టుకున్న ప్రతిసారీ లోపల ఆయనకొక దండం పెట్టుకుంటాను.

స్టేషన్ ముందు జనం నిండి ఉన్నారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని ముందు రోజు సాయంత్రం నుంచీ ఫోన్లలో తిరుగుతోందట. గేటు పట్టుకుని కొందరు, గోడెక్కి కొందరు. ఆమెను మాకు అప్పజెప్పండి, మేం చూసుకుంటాం అని అరుస్తున్నారు. ఎవరిని అప్పజెప్పమంటున్నారో నాకు అర్థం కాలేదు. లోపలికి వెళ్ళాక ఎస్సై గారు చెప్పారు.

రోడ్డు మీద ఒక కోల్డ్ స్టోరేజీ కెమెరాలో ఆ మనిషి పడింది. భుజాన పిల్ల, చీర మీద మగవాళ్ళ పాత చొక్కా, తలా మొహమూ కలిపి చుట్టిన గుడ్డ. కల్లంలో కూలికి వచ్చే ఆడవాళ్ళంతా అలాగే ఉంటారు. మిరప కోరుకు, కాయల నుంచి లేచే ఆ ఘాటుకు, ముక్కూ గొంతూ మండిపోతాయి కాబట్టి కళ్ళు తప్ప ఏమీ బయటికి కనపడనివ్వరు. అందువల్ల కెమెరా ఏ మొహమూ చూపించలేదు. నాయనమ్మను అడిగితే ఏడుస్తూ ఒకటే మాట అన్నదట, "ఎర్రగా ఉందయ్యా" అని. దాంతో ఎర్రటి మనిషి, అంటే పచ్చని ఒంటిరంగున్న ఆడమనిషి కోసం వెతికారు. ఆ మధ్యాహ్నం ఆ చుట్టుపక్కల అలాంటిది ఒక్కతే దొరికింది. చీరాల నుంచి మూట నెత్తిన పెట్టుకుని నేతచీరలు అమ్ముకోవడానికి వచ్చిన ఆమె.

ఎదురుగా నిలబెట్టి చూపిస్తే నాయనమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మొహం కనపడలేదు కదయ్యా అన్నదట.

"లోపల గదిలోనే ఉంది మేడమ్. ఒకసారి చూసి కూర్చోండి, మీకూ పని తేలికవుద్ది," అన్నారు ఎస్సై గారు.

"చూస్తే ఇక నా చెయ్యి ఆమెనే గీస్తుందండీ. ఆ గది తలుపు వేయించండి," అన్నాను.

ఆయన ముందు రోజు నుంచీ కుర్చీలో కూర్చున్నట్టు లేరు. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. పై నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయని, ఆమె కాకపోతే తమ దగ్గర ఇంకెవరూ లేరని, పిల్లను ఎక్కడ దాచిందో చెప్పడం లేదని అన్నారు. అయినా లేచి వెళ్ళి ఆ తలుపు ఆయనే దగ్గరికి వేశారు. అంత తొందరలో ఆ ఒక్క పని చేసినందుకు ఆయనను ఇప్పటికీ తలుచుకుంటాను. నేను కొంగు చెంపకు అడ్డం పెట్టుకుని ఆ గది దాటాను. మొహం చూడలేదు గాని మాట వినపడకుండా ఆపలేకపోయాను. "అయ్యా, మా ఇంటికి ఒక్క ఫోన్ చేయనియ్యండయ్యా," అని గొంతు పోయి అడుగుతోంది.

వెనక వరండాలో నాయనమ్మా కోడలూ ఉన్నారు. ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. కోడలు గోడ వైపు తిరిగి కూర్చుంది. రవిక తడిసి ఉంది, పాలు తాగే పిల్ల. నేను నాయనమ్మను లోపలికి రమ్మంటే కోడలు గోడవైపు నుంచి తల తిప్పకుండానే అంది.

"ఎల్లత్తా, ఎల్లి చెప్పు. పిల్లనెత్తుకుపోతుంటే కూకుని చూశావుగా. నువ్వే బాగా చెప్తావు."

ముసలావిడ చీర కుచ్చెళ్ళు పట్టుకుని లేచి నా వెంట వచ్చింది. ఆమె చేతులకు ఇంకా మిరపకాయల వాసన ఉంది.

కంప్యూటర్ల గదిలో కూర్చున్నాం. నేను సాక్షికి ఎదురుగా కూర్చోను, పక్కన కూర్చుంటాను. మొదట కాగితం తీయను. ముక్కు ఇలా ఉందా, అలా ఉందా అని అడగను. అడిగితే పాపం వాళ్ళు మనల్ని సంతోషపెట్టడానికి అవునంటారు. ఆ రోజు పొద్దుట్నించీ జరిగింది వాళ్ళ ఇష్టం వచ్చినట్టు చెప్పనిస్తాను. పేరు లేని మొహాలు అలాంటి మాటల మధ్యలోంచే బయటికి వస్తాయి.

ఆమె తొడిమలు తీయడం గురించి చెప్పింది. రంగు పోయిన తాలుకాయలు వేరే పోగు పెట్టడం గురించి చెప్పింది. కోడలు అవతలి కల్లంలో కాయలు ఎగదోసే పనికి వెళ్తే పిల్లను తన దగ్గరే ఉంచుకున్నానంది. ఆ గుడ్డలు చుట్టుకుంటే మొగుళ్ళే తమను గుర్తుపట్టరని, కిందటేడు ఒకాయన వేరే ఆమెకు అన్నం క్యారేజీ ఇచ్చి పోయాడని చెబుతూ చెబుతూ నవ్వబోయి, తను ఎక్కడ ఉందో గుర్తొచ్చి ఆగిపోయింది.

బయట ఏదో రాయి వచ్చి కిటికీ రేకుకు తగిలింది. ఆమె ఉలిక్కిపడింది. నేను మంచినీళ్ళు ఇచ్చి, తర్వాత ఏమైందని అడిగాను.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక బుట్ట నిండితే పోగు మీద కుమ్మరించడానికి వెళ్ళిందట. తిరిగి చూస్తే ఒకామె పిల్లను భుజాన వేసుకుని రోడ్డు వైపు పోతోంది. అక్కడ పిల్లల తల్లులు చాలామంది. ఎవరో తన పిల్లను తాను తీసుకుపోతోందనుకుంది. ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి ఇటు చూసింది. ఆ తర్వాతే ఉయ్యాల ఖాళీగా వేలాడుతూ కనిపించింది.

"తిరిగి చూసినప్పుడు?" అన్నాను.

"ఎర్రగా ఉందమ్మా."

ఇక్కడే నేను కూడా ఆ మాట దాటి వెళ్ళిపోయేదాన్ని. మన వైపు ఎర్రగా ఉందంటే రంగు గురించే. పెళ్ళిచూపుల్లో అడిగేది ఆ మాటే, పుట్టిన బిడ్డను చూసి అనేది ఆ మాటే. కాని ఆమె చెప్పిన మనిషికి నుదురు నుంచి మెడ దాకా గుడ్డ ఉంది, చొక్కా చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. రంగు కనపడటానికి ఒళ్ళెక్కడిది? ఆ ఆలోచన నా అంతట నాకు రాలేదు. ఎవరో చెయ్యి పట్టి ఆపినట్టు ఆగాను.

"ఏది ఎర్రగా ఉంది పెద్దమ్మా?"

"కళ్ళమ్మా. ఇంకేముంది కనపట్టానికి? చింతనిప్పుల్లాగున్నాయి. పొద్దున అంత కడిగినా తగ్గలేదు."

ఆ మాట అనేసి ఆమె నా వైపు చూసింది. పొద్దున కడిగిన మనిషీ మధ్యాహ్నం పిల్లను ఎత్తుకుపోయిన మనిషీ ఒక్కరేనని ఆమెకు ఆ క్షణం దాకా తట్టలేదు. ఆ సంగతి ఆమె మొహంలోకి రావడం నేను చూశాను. చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

పొద్దున ఒకామె కొత్తగా పనికి వచ్చిందట. కాసేపటికే కళ్ళు మండి ఏడుస్తూ అరచేత్తో నలుపుకుంటోందట. మిరపకాయల్లో చేయి పెట్టిన మనిషి కళ్ళు నలుపుకోకూడదని అక్కడ అందరికీ తెలుసు. దురద పుడితే మోచేతి పైభాగంతో ఒత్తుకుంటారు. ఇది ఎన్నడూ ఈ పని చేసినట్టు లేదని జాలిపడి, నాయనమ్మ ఆమెను షెడ్డు కిందికి తీసుకొచ్చి, మొహం మీది గుడ్డ తీయించి, కుండలో నీళ్ళు తన చేత్తోనే పోసి కడిగించింది. ఉయ్యాల పక్కనే కూర్చోబెట్టింది. పిల్ల ఎవరిదని ఆమె అడిగితే, మా మనవరాలేనని చెప్పింది.

పోలీసులు దొంగ గురించి అడిగారు. ఈమెకు ఆ పొద్దుటి మనిషి దొంగ కాదు, కళ్ళు మండిన పిచ్చిది. అందుకే చెప్పలేదు.

"నేనే నీళ్ళు పోశా తల్లీ. నేనే కూకోబెట్టా," అని తల కొట్టుకోబోతే చేయి పట్టుకున్నాను. కాసేపటికి నా చేయి తిరిగి గట్టిగా పట్టుకుని, "మా కోడలితో అనమాక. చచ్చిపోద్ది. కాదు, నన్ను చంపుద్ది," అంది.

అనకుండా ఎలా ఉంటుంది? అది వాంగ్మూలంలోకి ఎక్కాలి. ఆ మాట ఆమెకు అబద్ధం చెప్పకుండా చెప్పాను. ముందు పిల్ల దొరకాలి పెద్దమ్మా, తర్వాత కోడలు తిట్టినా తిట్టించుకుందువుగాని అన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, గీయమ్మా అంది. అప్పుడు కాగితం తీశాను.

కడిగేటప్పుడు దగ్గరగా చూసిన మొహం కనుక ఆమెకు చాలా గుర్తుంది. కోల మొహం కాదు, దవడలు వెడల్పు. నుదుటి మీద జుట్టు ముందుకు పెరిగి ఉంది. ముక్కుపుడక లేదు గాని రంధ్రం ఉంది. నీళ్ళు పోస్తుంటే కుడి చెవి తమ్మె కనపడిందట. కమ్మ లాగితే తెగినట్టు రెండు పాయలుగా చీలి ఉంది. తమ్మె గీసి చూపిస్తే, ఇంకా కిందికి తెగిందమ్మా అని వేలితో చూపించింది. రబ్బరుతో తుడిచి మళ్ళీ గీశాను. పెదవులు, గడ్డం, మెడ వచ్చాయి. కళ్ళ చోటు ఖాళీగా ఉంది.

ఎస్సై గారు రెండుసార్లు తలుపు తోసి చూశారు. బయట అరుపులు పెరిగాయి. ఎవరో గేటు ఊపుతున్నారు.

నాకు కష్టమైంది కళ్ళ దగ్గరే. ఆమె చూసినవి వాచిన కళ్ళు. పొద్దునా అవే, మధ్యాహ్నమూ అవే. వాటిని అలాగే గీస్తే ఈపాటికి ఆ కళ్ళు ఎవరికీ కనపడవు. ఒక రాత్రి గడిచాక ఆ వాపు దిగిపోయి ఉంటుంది. అందరూ వాచిన కళ్ళ ఆడమనిషిని వెతుకుతారు, ఆమె వాళ్ళ ముందు నుంచే పిల్లతో నడిచి పోతుంది. వాపు లేని కళ్ళు గీయాలంటే నాకు చెప్పేవాళ్ళు లేరు. సాక్షి చూడనిది గీయకూడదన్నది నా పనిలో మొదటి నియమం. పెన్సిల్ పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నాను. స్వామీ, పాలు తాగే పిల్ల, నాకు తెలివి సరిపోదు, నువ్వే దగ్గరుండు అనుకున్నాను. అంతకంటే పెద్ద ప్రార్థన నాకు రాదు.

తర్వాత వాపు మార్చలేనివి అడిగాను. రెండు కనుబొమల మధ్య ఎంత చోటుంది, తన వేళ్ళతో చూపించమన్నాను. కళ్ళ చివరలు పైకి పోయాయా కిందికి దిగాయా అన్నది ఆమెనే గుర్తు చేసుకోమన్నాను. కనుబొమలు దగ్గరగా ఉన్నాయని, ఎడమ కనుబొమ చివర పలచబడిందని, రెప్పల వెంట్రుకలు పొట్టివని చెప్పింది. ఆ కనుబొమల ఎముక కింద మామూలు కళ్ళు ఎలా కూర్చుంటాయో అలా గీశాను.

ఎస్సై గారిని పిలిచాను. కాగితం ముసలావిడ ముందు పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది.

"కాదమ్మా," అంది.

ఎస్సై గారు తలుపు వైపు తిరిగారు. ఆమె మాత్రం కాగితాన్ని వదల్లేదు. వంగి, తన అరచేతిని బొమ్మ కళ్ళ మీద అడ్డంగా పెట్టింది. అలా కళ్ళు కప్పి మిగతాది చూసింది.

"ఇదే. ఇదేనయ్యా ఆమె. కళ్ళే ఎవరివో."

"కళ్ళు నావండీ," అన్నాను ఎస్సై గారితో. "మిగతాదంతా ఆమెది. ఆమె చూసినప్పుడు ఆ కళ్ళు మిరప కోరుకు వాచి ఉన్నాయి. ఇప్పుడలా ఉండవు. నేను తప్పు గీసి ఉండొచ్చు. చెవి మాత్రం తప్పు కాదు."

"చెవికేమైంది?"

చెప్పాను. ఆయన బయటికి వెళ్ళారు. చీరాల ఆమె ఉన్న గది తలుపు తెరుచుకున్న చప్పుడు, మళ్ళీ వేసిన చప్పుడు వినిపించాయి. తిరిగి వచ్చి, "ఆమె చెవులు రెండూ బాగున్నాయి," అన్నారు. ఆ మాట నెమ్మదిగా అన్నారు. చీరాల ఆమెను వెనక వైపు నుంచి, మహిళా కానిస్టేబుల్ ను పక్కన కూర్చోబెట్టి, మూటతో సహా జీపులో పంపించారు. ముందున్న జనానికి తెలిస్తే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను. నేను ఆమె మొహం చివరిదాకా చూడలేదు. క్షేమంగా ఇల్లు చేరిందని మాత్రం తర్వాత విన్నాను, చేతులు జోడించాను.

బొమ్మ చుట్టుపక్కల స్టేషన్లకూ, రైల్వే వాళ్ళకూ, బస్టాండ్లకూ వెళ్ళింది. నన్ను ఇంటికి వెళ్ళమన్నారు గాని వెళ్ళలేకపోయాను. వరండాలో కూర్చున్నాను. అప్పటికి వాంగ్మూలం తిరగరాశారు. ఎస్సై గారు కోడలిని పిలిచి చదివి వినిపించారు. నీళ్ళు పోయడం, ఉయ్యాల పక్కన కూర్చోబెట్టడం, మనవరాలని చెప్పడం, అన్నీ. ముసలావిడ గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడింది. తిడుతుందనుకున్నాను. కోడలు బయటికి వచ్చి, అత్తగారిని దాటి, మళ్ళీ తన చివరకే వెళ్ళి కూర్చుంది. ఆ మౌనం కంటే తిట్టినా బాగుండుననిపించింది. ముసలావిడకూ అలాగే అనిపించి ఉంటుంది. పొద్దు వాలేదాకా ఆమె గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు.

ఒంగోలు నుంచి ఫోన్ ఎప్పుడు వచ్చిందో మాకు తెలియదు. లోపల కుర్చీలు జరిగిన చప్పుడైంది. ఎస్సై గారు బయటికి వచ్చి, "దొరికిందమ్మా, బాగానే ఉంది," అన్నారు. అక్కడి బస్టాండులో ఊడ్చే ఆమె బొమ్మను చూసి, ఈ చెవి మనిషి ముందు రోజు ఏడుస్తున్న పిల్లతో కుళాయి దగ్గర మొహం కడుక్కుందని, ఫలానా ఆటో ఎక్కిందని చెప్పిందట. ఆటో అతను ఇల్లు చూపించాడు. ఆ ఊడ్చే తల్లి ఎవరో నాకు తెలియదు. పూజలో ఆమెను కూడా కలుపుకుంటాను. ఆ మనిషి పిల్లను ఎందుకు తీసుకుపోయిందన్నది కోర్టులో ఉన్న సంగతి. దాన్ని నేను రాయకూడదు. పట్టుబడ్డాక తీసిన ఫోటో నాకు చూపించారు. కనుబొమలు సరిగ్గానే వచ్చాయి. కళ్ళు నేను గీసినదానికంటే చిన్నవి.

మర్నాడు పొద్దున్నే పిల్లను తీసుకొస్తారంటే నేనూ వెళ్ళాను. జీపు ఆగగానే కోడలు పరిగెత్తి పిల్లను లాక్కుంది. పిల్ల మొదట బిత్తరపోయి చూసి, వాసన పట్టినట్టు తల్లి మెడలో మొహం దూర్చి అప్పుడు ఏడుపు అందుకుంది. వరండా మెట్ల మీదే కూర్చుని కొంగు కప్పుకుని పాలిచ్చింది. ముసలావిడ స్తంభం వెనకే ఉండిపోయింది. చేయి చాపబోయి మళ్ళీ కొంగులో దాచుకుంది. ఆ చేతుల్ని తానే నమ్మనట్టుంది. అక్కడున్న వాళ్ళెవరూ ఆమెను ముందుకు రమ్మనలేదు. నాకు పిలవాలనిపించింది గాని అది నేను పిలవాల్సిన పిలుపు కాదు.

పిల్ల పాలు తాగుతూ నిద్రపోయింది. డాక్టరుకు చూపించాలని, సంతకాలు పెట్టాలని లోపలి నుంచి కోడలిని పిలిచారు. ఆమె లేచి చుట్టూ చూసింది. మహిళా కానిస్టేబుల్ చేతులు చాపింది, నేనూ లేచాను. మా ఇద్దరినీ దాటి స్తంభం దగ్గరకు వెళ్ళింది.

"ఇదుగో అత్తా, పట్టుకో," అంది. "మెడ కింద చెయ్యి పెట్టు. లేస్తే నన్ను పిలువు."

ముసలావిడ చేతులు కొంగులోంచి రావడానికి కాస్త ఆలస్యమైంది. వచ్చాక, ముందు ఆ చేతులు వాసన చూసుకుంది. మిరపకాయల వాసన ఉందేమోనని కుళాయి దగ్గరకు పోయి, సబ్బుతో కడిగి, మళ్ళీ కడిగి, తుడుచుకుంటూ వచ్చింది. కోడలు అంతసేపూ పిల్లను పట్టుకుని అక్కడే నిలబడింది, లోపలి నుంచి రెండోసారి పిలిచినా వెళ్ళకుండా.